ఫ్రీబీఎస్‌డీ ఫైల్ సర్వర్: ముందు కార్డు కనబడలేదు, కనబడ్డాక మూగబోతోంది

#1 గుడ్లగూబ · సోమవారం రాత్రి 10.42

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో పన్నెండు మందికి ఉమ్మడిగా ఒక ఫైల్ సర్వర్ కట్టే పని నా నెత్తిన పడింది. కొత్త పెట్టెలో ఫ్రీబీఎస్‌డీ 14 ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. నాలుగు డిస్కులను జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థలో రెండేసి జతలుగా పెట్టాను, వాటితో ఏ పేచీ లేదు. చిక్కంతా నెట్‌వర్క్ దగ్గరే వచ్చింది. నెట్‌వర్క్ కార్డులను చూపే ఇఫ్‌కాన్ఫిగ్ ఆదేశం కొడితే లో0 (యంత్రం తనతో తాను మాట్లాడుకునే ఊహా కార్డు) ఒక్కటే కనబడుతోంది. ఈథర్‌నెట్ కార్డు బోర్డులోనే ఉంది, తీగ గుచ్చితే దీపం కూడా వెలుగుతోంది. దీపం వెలుగుతోందంటే కార్డు బతికి ఉన్నట్టే కదా? మరి సిస్టమ్‌కు ఎందుకు కనబడదు?

ఆదేశాలను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. మీరూ అలాగే రాయండి, టైపు చేసేటప్పుడు నేను మార్చుకుంటాను.

#2 తీగలాగితే · సోమవారం రాత్రి 11.05

దీపాన్ని నమ్మకండి గుడ్లగూబ గారూ. అటు నెట్‌వర్క్ స్విచ్ (తీగలన్నీ కలిసే పెట్టె), ఇటు చిప్ రెండూ కరెంటు మీద ఉంటే చాలు, సిస్టమ్‌కు సంబంధం లేకుండానే దీపం వెలుగుతుంది. ఇఫ్‌కాన్ఫిగ్‌లో పేరు రావాలంటే ఆ చిప్‌ను గుర్తుపట్టే డ్రైవర్ కావాలి.

పరికరాల జాబితా ఇచ్చే పీసీఐకాన్ఫ్ ఆదేశానికి ఎల్, వీ తగిలించి కొట్టండి. డ్రైవర్ దొరకని పరికరాలు "నన్0", "నన్1" అనే పేర్లతో ఉంటాయి. వాటిలో తరగతి 020000 అని ఉన్నదే ఈథర్‌నెట్. దాని తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య ఇక్కడ పెట్టండి.

#3 గుడ్లగూబ · సోమవారం రాత్రి 11.21

నన్0 అనే ఉంది! తయారీదారు 10ఈసీ, పరికరం 8125.

#4 పాతకాపు · సోమవారం రాత్రి 11.30

10ఈసీ అంటే రియల్‌టెక్. జాతకం తెలిసిపోయింది, ఇక నాడి చూడనక్కర్లేదు. దాన్ని బయాస్‌లో (బూట్‌కు ముందు వచ్చే అమరికల తెరలో) ఆపేసి ఒక ఇంటెల్ కార్డు గుచ్చండి, హాయిగా నిద్రపోతారు. ఫ్రీబీఎస్‌డీలో రియల్‌టెక్ 8139కి డ్రైవర్ రాసిన బిల్ పాల్ ఆ కోడ్ పైనే వ్యాఖ్య రాసిపెట్టాడు: చవకబారుతనానికే ఈ చిప్ కొత్త అర్థం చెప్పిందని, పీసీఐ ఈథర్‌నెట్ చిప్‌లలో బహుశా ఇంతకంటే అధ్వానమైనది లేదని. డ్రైవర్ రాసినవాడే అలా అంటే వాడేవాడి గతి ఏమిటి? ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్నదీ అదే.

#5 తీగలాగితే · సోమవారం రాత్రి 11.52

పాతకాపు గారూ, ఆ వ్యాఖ్య నిజమే, దానికి కారణమూ ఉంది. 8139 చిప్‌కు పంపాల్సిన ప్యాకెట్ మెమరీలో నాలుగు బైట్ల హద్దు మీద మొదలు కావాలి. కాకపోతే డ్రైవర్ ప్రతి ప్యాకెట్‌నూ ఇంకో చోటికి నకలు తీసి ఇవ్వాలి. ప్రాసెసర్ ఆ చాకిరీలోనే అరిగిపోయేది. కానీ అది 100 మెగాబిట్ కాలపు చిప్. 8125కూ దానికీ ఇంటిపేరు ఒకటే, గుణాలు వేరు. తాత చేసిన అప్పు మనవడి ఖాతాలో రాయకండి.

గుడ్లగూబ గారూ, 14తో వచ్చే ఆర్‌ఈ డ్రైవర్‌కు 8125 తెలియదు. రియల్‌టెక్ ఇచ్చిన కోడ్‌తో కట్టిన ప్యాకేజీ వేరే ఉంది, పేరు రియల్‌టెక్-ఆర్‌ఈ-కేమాడ్. అది ఎక్కించాక బూట్ ఫోల్డర్‌లోని లోడర్ డాట్ కాన్ఫ్‌లో రెండు వరుసలు రాయాలి. ఇఫ్-ఆర్‌ఈ-లోడ్‌కు ఎస్ అని ఒకటి, ఇఫ్-ఆర్‌ఈ-నేమ్‌కు బూట్‌లోని మాడ్యూల్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైలు పూర్తి దారి ఇస్తూ ఇంకొకటి. చాలామంది రెండోది రాయరు. అప్పుడు బూట్ సమయంలో సిస్టమ్‌ను ఎక్కించే లోడర్ పాత డ్రైవర్ దగ్గరకే వెళ్తుంది, ప్యాకేజీ పనికిరాదని వాళ్లు ఇక్కడికి వచ్చి తిడతారు.

#6 చిట్టిపేకెట్టు · మంగళవారం ఉదయం 7.15

ఒక అమాయకపు ప్రశ్న. నెట్‌వర్కే లేని పెట్టెలోకి నెట్‌వర్క్ డ్రైవర్ ఎలా దించుకుంటారు?

#7 తీగలాగితే · మంగళవారం ఉదయం 8.02

అమాయకపు ప్రశ్న ఏమీ కాదు, అసలు ప్రశ్నే అది. రెండు దారులున్నాయి. వేరే కంప్యూటర్‌లో ప్యాకేజీ ఫైలు దించి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ప్యాకేజీ యాడ్ ఆదేశంతో ఎక్కించడం ఒకటి. ఫైలు మీ వెర్షన్‌కు కట్టినదై ఉండాలి, 13కి కట్టిన మాడ్యూల్ (డ్రైవర్ ఫైలు) 14లో ఎక్కదు. రెండోది ఇంకా సులువు. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి, ఫోనులో ఇంటర్నెట్ పంచుకునే మీట నొక్కండి. సర్వర్‌లో ఇఫ్-యూఆర్‌ఎన్‌డిస్ మాడ్యూల్‌ను కేఎల్‌డీలోడ్‌తో ఎక్కిస్తే యూఈ0 అనే పేరుతో ఫోనే నెట్‌వర్క్ కార్డుగా వస్తుంది. దాని మీద అడ్రసు తెచ్చే డీహెచ్‌క్లయంట్ నడిపితే సరి.

#8 సున్నాఒకటి · మంగళవారం ఉదయం 9.40

లైనక్స్‌లో 5.4 నుంచి 8125కి డ్రైవర్ కెర్నెల్‌తోనే (సిస్టమ్ గుండెకాయతోనే) వస్తోంది. ఊరికే చెబుతున్నాను, జట్టు మారమని కాదు. (మారినా మంచిదే.)

#9 పాతకాపు · మంగళవారం ఉదయం 9.44

వచ్చాడండీ పెళ్లిళ్ల పేరయ్య.

#10 గుడ్లగూబ · మంగళవారం సాయంత్రం 6.30

ఫోను ఉపాయం పారింది! రెండు వరుసలూ రాసి మళ్లీ బూట్ చేస్తే ఆర్‌ఈ0 వచ్చింది. అమరికల ఫైలు ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో సర్వర్‌కు స్థిరమైన అడ్రసు ఇచ్చాను: 192.168.1.50. ఫైళ్లు పంచే సాంబా పెట్టాను, అందరి కంప్యూటర్లలో ఉమ్మడి ఫోల్డర్ తెరుచుకుంటోంది.

అయితే కాపీ వేగం సెకనుకు 11 మెగాబైట్లు దాటడం లేదు. ఇంత మంచి డిస్కులు పెట్టి ఇదేమి వేగం? జెడ్‌ఎఫ్‌ఎస్ అమరికలో ఏదైనా తప్పు చేశానా?

#11 తీగలాగితే · మంగళవారం సాయంత్రం 6.48

11 మెగాబైట్లు అనగానే డిస్కుల వైపు చూడకండి. 100 మెగాబిట్ గీతను ఎనిమిదితో భాగిస్తే 12.5, పైఖర్చులు పోగా 11 చిల్లర. అంకె అంత కచ్చితంగా అక్కడే ఆగిందంటే లంకె 100 దగ్గర కుదిరిందన్నమాట. ఇఫ్‌కాన్ఫిగ్‌లో మీడియా వరుస చూడండి.

#12 గుడ్లగూబ · మంగళవారం సాయంత్రం 6.55

100 అనే ఉంది. ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి రెండువైపులా). స్విచ్ మాత్రం గిగాబిట్‌దే. మీడియా వరుసలో 1000 అని నేనే బలవంతంగా పెట్టేయనా?

#13 తీగలాగితే · మంగళవారం సాయంత్రం 7.03

వద్దు. రాగి తీగ మీద గిగాబిట్ కుదరాలంటే రెండు వైపులా మాట్లాడుకోవడం తప్పనిసరి. మీరు ఒకవైపు నోరు నొక్కేస్తే రెండోవైపు ఊహించుకుంటుంది. 100 దగ్గర అయితే ఆ ఊహ ఎప్పుడూ హాఫ్ డూప్లెక్స్‌కే (ఒకసారికి ఒకవైపే) పోతుంది, అప్పుడు వేగం ఇంకా పాడవుతుంది. ఆటో అలాగే ఉంచండి.

తీగ మార్చండి. 100 మెగాబిట్‌కు నాలుగు జతల్లో రెండు చాలు (1, 2, 3, 6 పిన్నులు). గిగాబిట్‌కు నాలుగూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క పోగు తెగినా కొన్ని చిప్‌లు గొడవ చేయకుండా 100కి దిగి కూర్చుంటాయి. పని నడుస్తూనే ఉంటుంది కాబట్టి తీగ మీద ఎవరికీ అనుమానం రాదు.

#14 గుడ్లగూబ · మంగళవారం రాత్రి 7.40

తీగ మార్చాను, 1000 వచ్చింది. వేగం కొలిచే ఐపర్ఫ్‌లో 941 మెగాబిట్లు, కాపీలో సెకనుకు 110 మెగాబైట్లు! పాత తీగను బల్ల కాలు కింద ఎవరో నలిపేశారు, ఒకచోట చదునుగా ఉంది. పాత సర్వర్ ఫైళ్లన్నీ రాత్రికి రాత్రే దీనిలోకి తోడేస్తున్నాను. అందరికీ దండాలు.

#15 నిర్వాహకుడు · మంగళవారం రాత్రి 8.10

సంతోషం. శీర్షికకు "పరిష్కారమైంది" అని చేర్చాను.

#16 గుడ్లగూబ · బుధవారం మధ్యాహ్నం 12.20

నిర్వాహకుడు గారూ, ఆ మాట తీసేయండి.

రాత్రంతా తోడిన కాపీ ఒక్క తడబాటు లేకుండా పూర్తయింది. పొద్దున పది గంటలకు అందరూ పని మొదలుపెట్టాక గొడవ మొదలైంది. పెద్ద ఫైలు కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతుంది, నిమిషమో రెండు నిమిషాలో మూగబోతుంది, తర్వాత "నెట్‌వర్క్ దారి దొరకలేదు" అని పడిపోతుంది. మళ్లీ దానంతటదే బాగవుతుంది. పొద్దుటి నుంచి ఐదుసార్లు అయింది. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఎర్రర్ అనే మాటతో వడపోసి చూశాను, ఏమీ లేదు. కార్డు పలకకపోతే వచ్చే వాచ్‌డాగ్ టైమ్‌ఔట్ అనే మాటతోనూ వెతికాను, లేదు.

#17 పాతకాపు · బుధవారం మధ్యాహ్నం 12.31

నేను సోమవారం రాత్రే చెప్పాను.

#18 సున్నాఒకటి · బుధవారం మధ్యాహ్నం 1.05

కార్డు సొంత తెలివితేటలు ఆపి చూడండి. టీఎస్‌ఓ అని ఒకటుంటుంది: సిస్టమ్ దాదాపు 64 కిలోబైట్ల ముద్దను ఒకేసారి కార్డుకు అప్పగిస్తే, 1500 బైట్ల ముక్కలుగా తరిగే పని కార్డు చేస్తుంది. ఈ తరుగుడులో లోపమున్న చిప్‌లు పెద్ద కాపీల్లోనే దొరికిపోతాయి, పింగ్‌లో (ఉన్నావా అని పలకరించే చిన్న ప్యాకెట్లలో) దొరకవు. ఇఫ్‌కాన్ఫిగ్‌లో ఆర్‌ఈ0 తర్వాత టీఎస్‌ఓ, దాని తోటివైన ఎల్‌ఆర్‌ఓ, ఆర్‌ఎక్స్‌చెక్‌సమ్, టీఎక్స్‌చెక్‌సమ్ అన్నింటికీ ముందు మైనస్ గుర్తు పెట్టి కొట్టండి.

#19 గుడ్లగూబ · బుధవారం రాత్రి 9.15

సాయంత్రం ఆరున్నరకు అన్నీ ఆపాను. అప్పటి నుంచి ఇప్పటివరకు 600 గిగాబైట్లు అటూ ఇటూ తిప్పాను. ఒక్కసారి కూడా ఆగలేదు. సున్నాఒకటి గారూ, మీ నోట్లో చక్కెర పోయాలి.

#20 తీగలాగితే · బుధవారం రాత్రి 9.50

ఆ చక్కెర రేపటిదాకా దాచండి. నిన్న రాత్రి ఏమీ ఆపకుండానే బాగా నడిచింది కదా? ఈ రాత్రి నడవడం వల్ల కొత్తగా తెలిసింది ఏమీ లేదు. పగలు ఏమవుతుందో చూడాలి.

#21 గుడ్లగూబ · గురువారం ఉదయం 10.48

మళ్లీ మొదలైంది. పది దాటి ఐదు నిమిషాలకే. మా వాళ్లు నా బల్ల దగ్గరకు రావడం మానేసి దూరం నుంచే చూస్తున్నారు. అది ఇంకా భయంగా ఉంది.

మూల పడేసిన పాత యంత్రంలో ఒక ఇంటెల్ కార్డు ఉంది, 82574 చిప్‌ది. మధ్యాహ్నం భోజనాల వేళ అది గుచ్చుతాను.

#22 పాతకాపు · గురువారం ఉదయం 11.00

శుభం. ఆలస్యంగానైనా జ్ఞానోదయమైంది.

#23 గుడ్లగూబ · గురువారం మధ్యాహ్నం 2.10

ఇంటెల్ కార్డు పెట్టాను. బూట్ అయింది, ఈఎం0 కనబడుతోంది, మీడియా 1000 అని ఉంది. కానీ సర్వర్ ఎవరికీ అందడం లేదు! నెట్‌వర్క్ విషయంలో నాకు ఏదో శాపం ఉన్నట్టుంది.

#24 తీగలాగితే · గురువారం మధ్యాహ్నం 2.14

శాపం కాదు, ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఇంకా ఆర్‌ఈ0 పేరే ఉండి ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీలో కార్డు పేరు డ్రైవర్‌ను బట్టి వస్తుంది. డ్రైవర్ మారితే పేరు మారుతుంది, అడ్రసు పాత పేరు దగ్గరే ఉండిపోతుంది. ఆ వరుసలో ఆర్‌ఈ0 బదులు ఈఎం0 అని రాసి కార్డుల అమరిక చూసే నెట్‌ఇఫ్ సేవను మళ్లీ మొదలుపెట్టండి. ఆ తర్వాత దారి వరుస కోసం రౌటింగ్ సేవను కూడా.

#25 గుడ్లగూబ · గురువారం మధ్యాహ్నం 2.22

సిగ్గుగా ఉంది. అంతే. ఇప్పుడు అందరికీ అందుతోంది.

#26 గుడ్లగూబ · గురువారం సాయంత్రం 4.05

ఇంటెల్ కార్డు మీద కూడా ఆగింది. 3.10కి ఒకసారి, 3.52కి ఒకసారి.

#27 పాతకాపు · గురువారం సాయంత్రం 4.20

అయితే స్విచ్.

#28 గుడ్లగూబ · గురువారం సాయంత్రం 4.55

స్విచ్‌లో వేరే రంధ్రానికి మార్చాను. తీగ మళ్లీ మార్చాను. 4.41కి ఆగింది.

#29 తీగలాగితే · గురువారం సాయంత్రం 5.30

ఒక్క నిమిషం ఆగుదాం. రెండు తయారీలు, రెండు డ్రైవర్లు, మూడు తీగలు, రెండు రంధ్రాలు మార్చినా జబ్బు మారలేదు. అంటే జబ్బు ఆ వస్తువుల్లో లేదు. ఇక ఏమీ మార్చకండి, ముందు నాలుగు సంగతులు చెప్పండి.

1. నెట్‌స్టాట్‌కు ఐ తగిలించి కొట్టండి. ఈఎం0 వరుసలో లోపలికి వచ్చిన తప్పుల గడిలో, బయటికి వెళ్లిన తప్పుల గడిలో ఎంత ఉంది?

2. ఆగినప్పుడు అందరికీ ఒకేసారి ఆగుతోందా, కొందరికేనా?

3. రాత్రి ఎప్పుడూ ఆగడం లేదు. రాత్రి ఆఫీసులో ఉండనిదీ పగలు ఉండేదీ ఏమిటి? మనుషులు కాక.

4. 192.168.1.50 అనే అడ్రసును మీరు ఎలా ఎంచుకున్నారు?

#30 గుడ్లగూబ · గురువారం సాయంత్రం 6.12

1. రెండు గడుల్లోనూ సున్నా. ఒక్క తప్పు ప్యాకెట్ కూడా లేదు.

2. ఇది నేను ఇప్పటిదాకా అడగనే లేదు. ఇప్పుడు అడిగితే తేలింది, అందరికీ ఒకేసారి కాదట. 3.52కి నాకు ఆగినప్పుడు నా పక్కన కూర్చున్న ఆవిడ అదే సర్వర్ నుంచి వీడియో చూస్తూనే ఉన్నారట.

3. రాత్రి అన్నీ ఆపేసి వెళ్తారు. కంప్యూటర్లు, దీపాలు, కాఫీ యంత్రం, ప్రింటర్.

4. జాగ్రత్తగానే ఎంచుకున్నాను. రౌటర్ తనంతట తాను పంచే అడ్రసులు 100 నుంచి మొదలవుతాయి కాబట్టి దానికి కింద ఉండేలా 50 తీసుకున్నాను. రౌటర్ జాబితాలో 50 లేదు. ఇచ్చే ముందు పింగ్ చేసి కూడా చూశాను, ఎవరూ పలకలేదు. అది సాయంత్రం పొద్దుపోయాక.

#31 తీగలాగితే · గురువారం సాయంత్రం 6.25

రెండో జవాబుతోనే కార్డుకు క్లీన్ చిట్ ఇచ్చేయవచ్చు. కార్డు మూగబోతే పన్నెండు మందికీ మూగబోవాలి. కొందరికే ఆగిందంటే, ఆ కొందరి కంప్యూటర్లు సర్వర్ కోసం వేరే ఇంటి తలుపు తడుతున్నాయన్నమాట.

రేపు అందరూ వచ్చాక ఒక చిన్న పరీక్ష చేయండి. సర్వర్ నుంచి నెట్‌వర్క్ తీగ పూర్తిగా పీకేయండి. మీ కంప్యూటర్‌లో ఆర్ప్ ఆదేశానికి డీ తగిలించి 192.168.1.50 కోసం దాచుకున్న వివరం చెరిపేయండి. తర్వాత ఆ అడ్రసును పింగ్ చేయండి.

పలకకూడదు. పలికితే ఇక్కడికి వచ్చి చెప్పండి.

#32 చిట్టిపేకెట్టు · గురువారం రాత్రి 7.00

నాకు రాత్రి నిద్ర పట్టేట్టు లేదు.

#33 గుడ్లగూబ · శుక్రవారం ఉదయం 10.19

పలికింది.

తీగ నా చేతిలో ఉంది. సర్వర్ వెనక రంధ్రం ఖాళీగా ఉంది. అయినా 192.168.1.50 పింగ్‌కు టకటకా జవాబులు వస్తున్నాయి. ఏం చేయాలో తోచక బ్రౌజర్‌లో ఆ అడ్రసు కొట్టి చూశాను. పేజీ తెరుచుకుంది. టోనర్ తగ్గిపోతోంది, మార్చమని అడుగుతోంది నా ఫైల్ సర్వర్.

#34 సున్నాఒకటి · శుక్రవారం ఉదయం 10.24

ప్రింటరా!! నా టీఎస్‌ఓ సిద్ధాంతాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. చక్కెర కూడా.

#35 తీగలాగితే · శుక్రవారం ఉదయం 10.50

ఇప్పుడు తీగ మళ్లీ గుచ్చి, వార్ ఫోల్డర్ కింద లాగ్‌లో ఉన్న మెసేజెస్ ఫైలును ఏ వడపోతా లేకుండా చదవండి. ఆర్ప్ అనే మాటతో మొదలయ్యే వరుసలు ఉంటాయి. "ఫలానా హార్డ్‌వేర్ అడ్రసు నా ఐపీ అడ్రసును వాడుతోంది" అని కెర్నెల్ చెప్పి, చివర ఆశ్చర్యార్థకం కూడా పెడుతుంది. ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్ అంత ఆవేశపడటం అరుదు.

#36 గుడ్లగూబ · శుక్రవారం ఉదయం 11.08

ఉన్నాయి. బుధవారం పొద్దుటి నుంచీ ఉన్నాయి. పాత వరుసల చివర ఆర్‌ఈ0, నిన్నటి నుంచి ఈఎం0. నేను "ఎర్రర్" అని వడపోశాను. ఆ వాక్యంలో ఎర్రర్ అనే మాట లేదు. మూడు రోజులుగా అది అరిచి చెబుతుంటే నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను.

మా ఆఫీసులో నాకు ముందు ఈ పని చూసినవారు ప్రింటర్ పలక మీదే స్థిరంగా 50 అని పెట్టి వెళ్లారు. ఎక్కడా రాసిపెట్టలేదు. రౌటర్ ఇచ్చిన అడ్రసు కాదు కాబట్టి రౌటర్ జాబితాలో లేదు. నేను పింగ్ చేసిన సాయంత్రం ప్రింటర్ ఆపేసి ఉంది.

#37 చిట్టిపేకెట్టు · శుక్రవారం ఉదయం 11.30

అర్థం కానిది ఒకటుంది. ఇద్దరికీ ఒకే అడ్రసు ఉంటే అసలు ఏదీ పనిచేయకూడదు కదా? మధ్యమధ్యలో ఎందుకు పనిచేసింది? ఒకరికి పోయి పక్కవారికి ఎందుకు ఉంది?

#38 తీగలాగితే · శుక్రవారం మధ్యాహ్నం 12.15

మంచి ప్రశ్న. ఒకే నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు చేరేది ఐపీ అడ్రసును బట్టి కాదు, కార్డు మీద ఉండే హార్డ్‌వేర్ అడ్రసును బట్టి. అందుకే ప్రతి కంప్యూటరూ ముందు "50 ఎవరు?" అని అందరికీ వినబడేలా కేక వేస్తుంది. ఆ కేకే ఆర్ప్. వచ్చిన జవాబును కాసేపు చిట్టాలో రాసుకుని దాన్నే వాడుకుంటుంది. ఎంతసేపు అనేది సిస్టమ్‌ను బట్టి ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీ మామూలుగా 20 నిమిషాలు ఉంచుకుంటుంది, విండోస్ ఒక నిమిషం లోపే మళ్లీ సరిచూసుకుంటుంది.

ఇప్పుడు "50 ఎవరు?" అంటే సర్వరూ ప్రింటరూ ఇద్దరూ "నేను" అంటున్నారు. ఎవరి మాట చివర వినబడితే అదే చిట్టాకు ఎక్కుతుంది. ఎవరి చిట్టా వారిదే. గుడ్లగూబ గారి చిట్టాలో ప్రింటర్ ఎక్కిన క్షణాన పక్కనున్న ఆవిడ చిట్టాలో సర్వరే ఉంది. వారి వీడియో సాగింది, వీరి ఫైలు ముక్కలు ప్రింటర్‌కు చేరాయి. ప్రింటర్‌కు ఆ సంభాషణ తలా తోకా తెలియదు కాబట్టి విసిరికొట్టింది. పైగా చాలా పరికరాలు నిద్ర లేవగానే ఎవరూ అడగకుండానే "50 నేనే" అని చాటుతాయి. ఎవరైనా ఒక కాగితం ముద్రించగానే గొడవ మొదలవడానికి అదీ ఒక కారణం అయి ఉండవచ్చు. గుడ్లగూబ గారూ, ఆగిన సమయాలను ప్రింటర్ చిట్టాతో పోల్చి చూడండి.

ఇలాంటి గొడవను పట్టుకునే పద్ధతి మీద 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5227 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం వచ్చింది. అడ్రసు తీసుకునే ముందు "ఇది ఎవరిదైనా ఉందా?" అని అడిగి చూడాలంటుంది. మంచిదే, కానీ ప్రింటర్ ఆపేసి ఉన్నప్పుడు అడిగితే ఆ పద్ధతికీ దొరకదు. పింగ్‌ను తప్పుపట్టలేం.

#39 గుడ్లగూబ · శుక్రవారం మధ్యాహ్నం 1.02

పోల్చాను. 3.10, 3.52, 4.41. మూడింటికీ నిమిషం తేడాతో ప్రింటర్ చిట్టాలో పనులు ఉన్నాయి. 3.52ది నేనే ఇచ్చాను. స్విచ్ వాడుక పుస్తకంలో మూడు పేజీలు, దీన్ని బాగుచేద్దామని.

ఇప్పుడు ఎవరి అడ్రసు మార్చాలి? ప్రింటర్‌దా, సర్వర్‌దా?

#40 సున్నాఒకటి · శుక్రవారం మధ్యాహ్నం 1.20

ప్రింటర్‌ది మార్చండి. సర్వర్ పెద్దది.

#41 తీగలాగితే · శుక్రవారం మధ్యాహ్నం 1.33

నేనైతే సర్వర్‌నే మారుస్తాను. ప్రింటర్ 50 అని పన్నెండు కంప్యూటర్లలో ఎప్పటి నుంచో కుదురుకుని ఉంది. సర్వర్ వచ్చి మూడు రోజులే. 192.168.1.5 లాంటిది ఏదైనా ఇవ్వండి, కానీ ఈసారి పగలు, అన్నీ వెలుగుతుండగా, పింగ్‌తో పాటు ఆర్ప్ చిట్టా కూడా చూసి ఇవ్వండి. ఉమ్మడి ఫోల్డర్‌ను అంకెతో కాకుండా పేరుతో తెరిచేలా రౌటర్‌లో ఒక పేరు రాయండి. ఇంకోసారి అంకె మారినా ఎవరి కంప్యూటర్ దగ్గరకూ వెళ్లక్కర్లేదు.

#42 గుడ్లగూబ · శుక్రవారం సాయంత్రం 6.45

సర్వర్ 5కి మారింది. మధ్యాహ్నం నుంచి కావాలనే ముద్రిస్తూ, కాపీ చేస్తూ ఉన్నాను. నలభై కాగితాలు పోయాయి, ఒక్క కాపీ కూడా ఆగలేదు. లాగ్‌లో ఆర్ప్ కేకలు లేవు.

ఇంటెల్ కార్డు తీసి రియల్‌టెక్‌కే తిరిగి వచ్చాను. టీఎస్‌ఓ వగైరా మైనస్‌లు కూడా తీసేశాను. ఐపర్ఫ్‌లో ఇంటెల్‌కు 940, దీనికి 941. పాతకాపు గారూ, నొచ్చుకోకండి.

#43 పాతకాపు · శుక్రవారం రాత్రి 8.05

నొచ్చుకోవడం ఎందుకు? ఒక మెగాబిట్ కోసం పరువు పోగొట్టుకోను. ప్రింటర్ దోషమని తేలింది, ఒప్పుకుంటున్నాను. స్విచ్‌ను అన్నమాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ డ్రైవర్ సిస్టమ్‌తో వచ్చింది కాదు, బయటి ప్యాకేజీ. రేపు 14 నుంచి 15కి ఎక్కేటప్పుడు కొత్త వెర్షన్‌కు కట్టిన మాడ్యూల్ పెట్టడం మరిచిపోతే సోమవారం రాత్రి దగ్గరకే తిరిగి వస్తారు, లో0తో సహా. ఇంటెల్ కార్డును పారేయకండి. ఆ పెట్టెలోనే సంచిలో చుట్టి పెట్టండి.

#44 తీగలాగితే · శుక్రవారం రాత్రి 8.20

ఈ ఒక్క మాటలో పాతకాపు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, మళ్లీ జరగదు.

#45 నిర్వాహకుడు · శుక్రవారం రాత్రి 8.41

ఈసారి "పరిష్కారమైంది" అని పెట్టవచ్చా?

#46 గుడ్లగూబ · శుక్రవారం రాత్రి 8.50

పెట్టండి. ప్రింటర్ మీద ఒక చీటీ కూడా అంటించాను, పెద్ద అక్షరాలతో: "నా అడ్రసు 192.168.1.50".

#47 పాతకాపు · శుక్రవారం రాత్రి 8.58

దాని మీద తేదీ కూడా వేయండి. మీ తర్వాత వచ్చేవాడు నమ్మాలి కదా.